ఉడికిన గొంగడి

ఉన్నిని ఉడకబెట్టకూడదని నాగులమ్మకు తెలుసు. తెలిసి తెలిసీ గొంగడిని కాగుతున్న నీళ్లలోకి తోసి, కర్రతో అడుగుకంటా అదిమింది.

తాతల నాటి నుంచి ఊరి బట్టలుతికిన ఇల్లు ఆమెది. ఏ బట్టకు మురికి తీసే సౌడు మన్ను పట్టించాలి, దేన్ని ఉబ్బ మీద ఆవిరికి ఎక్కించాలి, దేన్ని చన్నీళ్లలో ముంచి తీయాలి అన్నది ఆమె ఆలోచించి చేసే పని కాదు, చేతులే చేసుకుపోతాయి. కానీ ఈ ప్రసూతి కేంద్రంలో ఆమె చాకలి కాదు, ఆయా. ఆయాకు చేతులుండాలి గానీ నోరుండకూడదని పనిలో చేరిన వారానికే తెలిసొచ్చింది. అప్పుడున్న గ్రామసేవికమ్మతో ఏదో మంచిమాట చెప్పబోతే, "నిన్నడిగానా?" అందామె. ఆ సేవికమ్మ బదిలీ అయి ఎటో వెళ్లిపోయింది. ఆ మాట మాత్రం నాగులమ్మ చెవిలోనే ఉండిపోయింది.

ఇప్పుడున్న హైమవతి అట్లాంటిది కాదు. తెనాలి పక్కనుంచి వచ్చిన పిల్ల, పాతికేళ్లు నిండలేదు. గ్రామసేవిక చదువు చదివింది, పురుళ్లు పోయడం కూడా నేర్చుకుంది. కల్వకుర్తి దగ్గరి ఈ ఎర్రగుంటపల్లికి వచ్చిన కొత్తలో ఊరంతా తనను "నువ్వు" అంటుంటే మొహం చిన్నబుచ్చుకునేది పాపం. కృష్ణానదికి ఇవతల ప్రేమగా పిలవాలన్నా "నువ్వే"నని తెలుసుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. మనసు మంచిది, నడక చురుకు. ఎటొచ్చీ ఏ పని చేసినా ముందు పుస్తకం తెరుస్తుంది, తర్వాత మనిషి వంక చూస్తుంది. ఈ గొంగడి ఉడకడం కూడా ఆమె మంచితనం వల్లే జరిగింది.

కురుమవాడ బక్కమ్మ కోడలు అండాలుకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఇద్దరూ నిక్షేపంగా పుట్టి, పాలు తాగి, ఆరో రోజో ఏడో రోజో నోరు బిగుసుకుపోయి, ఒళ్లు విల్లులా వెనక్కి వంగి పోయారు. ఇప్పుడు మూడో కాన్పుకు నెలలు నిండాయి. ఈసారి కేంద్రంలోనే కనాలని హైమవతి నాలుగుసార్లు వాళ్లింటి చుట్టూ తిరిగింది. ఆ వాడకు మంత్రసాని వేరే ఎవరో కాదు, బక్కమ్మే. పోయిన ఇద్దరు మనవళ్లకూ బొడ్డు కోసింది ఆమే. అలాంటి మనిషి "సరే, తోలుకొస్త" అనడానికి ఎంత దిగమింగుకుని ఉండాలో హైమవతికి తెలియదు, నాగులమ్మకు తెలుసు.

పొద్దున్నే అత్తాకోడళ్లు వచ్చారు. బక్కమ్మ భుజాన నల్లటి కొత్త గొంగడి. ఆమె పెనిమిటి గుర్వయ్య ఈ కాన్పు కోసమని, గొర్రెపిల్లల మొదటి కత్తిరింపు బొచ్చుతో నేసింది. కురుమలకు గొంగడి కప్పుకోవడానికి ఒక్కదానికే కాదు. పెండ్లిలో కూర్చునేది దాని మీదే, దేవుణ్ని నిలిపేది దాని మీదే, బిడ్డ భూమ్మీద పడేదీ దాని మీదే.

హైమవతి ఇనుప మంచం మీద తెల్ల దుప్పటి పరవమంది. నాగులమ్మ పరిచింది. పరుస్తుంటే చూసి అండాలు గోడకు ఆనుకుని నిలబడిపోయింది. మరి అడుగు ముందుకు పడలేదు.

"ఎక్కమ్మా, భయమెందుకు?" అంది హైమవతి.

భయమెందుకో నాగులమ్మకు తెలుసు. ఆ ఊళ్లో చాకలి చేత్తో తెల్లబట్ట పరిచేది పాడె ముందే. పోయిన ఎండాకాలం అండాలు ఇంట్లోనే ముసలవ్వ పోతే, దారి పొడుగునా తెల్లబట్టలు పరిచింది నాగులమ్మా, ఆమె మొగుడు పెద్దులూ. ఇప్పుడు అదే చేత్తో అదే రంగు బట్ట పరిచి, నిండు చూలాలిని దాని మీదికి ఎక్కమంటున్నారు.

"గీ గొంగడి ఏసుకుంటం అమ్మా. దీని మీదనే కంటది," అంది బక్కమ్మ.

హైమవతి గొంగడిని పట్టి చూసింది. గొర్రె వాసన గుప్పున కొట్టింది. "ఇట్లాంటి వాటి మీద కన్నందుకేనమ్మా ఆ ఇద్దరు పిల్లలూ పోయింది," అంది. మెత్తగానే అంది. మెత్తగా అన్నంత మాత్రాన ఆ మాట తేలికవుతుందా? అండాలు కళ్లలో నీళ్లు తిరగడం చూసి హైమవతికి జాలేసింది. "సరే సరే, మీ మనసు కష్టపెట్టడం ఎందుకు? దీన్ని శుభ్రంగా ఉడకబెట్టించి వేస్తాను. నాగులమ్మా, నీళ్లు కాగాయా?"

అప్పుడు చెప్పాల్సింది. "కాగినయమ్మా," అంది నాగులమ్మ.

గంట తర్వాత కర్రతో పైకెత్తితే గొంగడి గొంగడిలా లేదు. సగానికి సగం కుంచించుకుపోయి, మందంగా అట్టకట్టింది. గుర్వయ్య నేసిన పోగుల్లో ఒక్క పోగూ కంటికి కనబడడం లేదు.

"అయ్యో, ఇదేంటి ఇలా అయిపోయింది?" అంది హైమవతి.

బక్కమ్మ ఆ ముద్దను చేతుల్లోకి తీసుకుంది. అది ఇంకా పొగలు కక్కుతోంది, ఆమెకు కాలినట్టే లేదు. కోడలి రెక్క పట్టుకుని మెట్లు దిగింది. దిగి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు హైమవతి మీదికి కాదు, నాగులమ్మ మీదికి.

రెండు రోజులు హైమవతికి అన్నం సయించలేదు. రెండో రోజు సాయంత్రం బల్ల దగ్గర కూర్చుని, పైకి పంపాల్సిన రిపోర్టు రాసుకుంటూ గొంతెత్తి చదువుకుంది. "కురుమవాడ స్త్రీల నుండి సహకారం లేదు. మూఢనమ్మకాలు ఎక్కువ." ఊడుస్తున్న నాగులమ్మ చీపురు ఒకచోటే తిరగడం మొదలుపెట్టింది. ఆ కాగితం పైకి పోతే మళ్లీ ఆ వాడ గడప తొక్కేవాళ్లుండరు. రేపో మాపో అండాలుకు నొప్పులొస్తాయి. గడ్డి కోసే కొడవలితోనే బొడ్డు కోస్తారు. తర్వాత ఏడు రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. నాగులమ్మ నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి చెత్త ఎత్తింది.

హైమవతి కూడా ఆ రెండు వాక్యాలు రాసి ముందుకు కదల్లేకపోయింది. "రేపు మనం వాళ్లింటికి వెళదాం," అంది ఉన్నట్టుండి.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లారు. గుర్వయ్య గుంత మగ్గంలో కూర్చుని నేస్తున్నాడు, తలెత్తలేదు. బక్కమ్మ అరుగు మీద రాట్నం ముందు ఉన్ని వడుకుతోంది. ఆ ఇంటికి ఎవరొచ్చినా ముందు జరిగే పని ఒకటుంది. దండెం మీది గొంగడి తీసి, దులిపి పరిచి, "కూసోండ్రి" అంటారు. ఆ తర్వాతే మంచినీళ్లు, ఆ తర్వాతే మాటలు. ఆ రోజు దండెం మీద మూడు గొంగళ్లున్నాయి, బక్కమ్మ చేయి రాట్నం వదల్లేదు. హైమవతికి ఆ మర్యాద తెలియదు గనక అందులో అవమానమూ తెలియలేదు. నిలబడే మాట్లాడింది. నాగులమ్మకు మాత్రం ఎక్కడ నిలబడాలో తోచలేదు.

"నీకు కొత్త గొంగళి కొనిపెడతానమ్మా," అంది హైమవతి.

"మంద నిండ గొర్లున్నయి. మాకు గొంగడికి కరువా అమ్మా?"

"మరి కోపం దేనికి? బిడ్డ క్షేమం కోసమే కదా నేను చేసింది."

"నీ మీద నాకు కోపం లేదు. ఊరుగాని ఊరుకొచ్చినవు, ఉన్ని సంగతి నీకేం ఎరుక?" బక్కమ్మ రాట్నం ఆపింది. "నువ్వెరుగవా నాగులమ్మా? మా గొంగళ్లు ఇన్నేండ్ల సంది వాగుల ముంచి తెస్తున్నవు. ఎన్నడన్న ఉడుకునీళ్లు తాకించినవా? గా దినం ఎరిగే ఏసినవు గదా?"

గడప అవతల అండాలు రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని వింటోంది. నాగులమ్మ తల వంచుకుంది. బక్కమ్మ తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

తిరిగి వస్తుంటే, కోసిన జొన్నచేను గట్టు మీద హైమవతి అడిగింది. "ఆమె అన్నది నిజమేనా? నీకు ముందే తెలుసా?"

"ఎరుకనే అమ్మా. ఉన్ని ఉడికితే ముద్దయితది. మా చిన్న పోరగాండ్లకు సుత ఎరుకే."

"మరెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలే." అనేసి, అంతటితో ఆగలేకపోయింది నాగులమ్మ. రెండేళ్లుగా మూసి ఉంచిన నోరు, తెరిచాక మళ్లీ మూతపడలేదు. "అడగకుంట చెప్తే నౌకరి పోతదని భయం. నా మొగనికి నడుము పడిపోయింది, వాగుకు పోలేడు. తెల్లబట్ట సంగతి సుత చెప్పలే. నేను తెల్లబట్ట పరిస్తే పీనుగ ముందు పరిచినట్టు. గా పిల్ల అందుకే బెదిరింది. అన్నీ ఎరిగీ ఊకున్న. ఆమె కడుపుల బిడ్డ కంటె నా నౌకరి ఎక్కువైంది నాకు."

హైమవతి గట్టు మీద కూలబడింది. కోపంతో మొహం ఎర్రబడింది. ఆ కోపం ముందు నాగులమ్మ మీదికే వచ్చింది, కాసేపటికి దారి మార్చుకుని తన మీదికే మళ్లింది. "ఏడాదిన్నరగా నాతో ఉన్నావు. నిన్ను నేను ఒక్కసారైనా ఏమీ అడగలేదా?"

నాగులమ్మ నిజంగానే గుర్తు చేసుకుని చెప్పింది. "నీళ్లు కాగినయా అని అడిగినవు. బట్టలు ఆరినయా అని అడిగినవు."

హైమవతికి నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. కొంగుతో తుడుచుకుని, "ఇప్పుడు అడుగుతున్నాను. ఏం చేద్దాం చెప్పు," అంది.

పుట్టి బుద్ధెరిగాక నాగులమ్మను ఇట్లా ఎవరూ అడగలేదు. చదువుకున్న మనిషి గట్టు మీద కూర్చుని, తలెత్తి తన వంక చూస్తూ అడగడం ఆమెకు కొత్తగా, ఇబ్బందిగా ఉంది. తనూ పక్కనే చతికిలబడి ఒక గడ్డిపరక తుంచింది.

"ముందుగాల నువ్వు జెప్పు. నీకు తెల్లబట్ట గావాల్నా, పురుగు లేని బట్ట గావాల్నా?"

ఈ ప్రశ్న హైమవతి చదివిన పుస్తకంలో లేదు. "పురుగు లేని బట్ట. రంగు ఏదైతేనేం?"

"గట్లయితే తొవ్వ దొరికినట్టే. కాన్పు వాళ్లింట్లనే కానియ్యి. గొంగడిని కింద ఉండనియ్యి. చన్నీళ్లల్ల ముంచి బండ మీద ఎండబెడ్తరు వాళ్లే. దాని మీద పాత నూలు చీరె పరుద్దాం. పసుపు నీళ్లల్ల మసిలించి ఉబ్బ పట్టిస్త. పెండ్లికి నేను పరిచేది పసుపుబట్టనే. దాన్ని జూసి ఎవ్వరూ బెదరరు."

ఆ సాయంత్రం హైమవతి రిపోర్టులో రెండు వాక్యాలను అడ్డంగా కొట్టేసింది. నాగులమ్మకు చదువు రాదు, అయినా ఏవి కొట్టేసిందో చూడగానే తెలిసిపోయింది.

తెల్లారి కేంద్రం వెనక నాగులమ్మ పొయ్యి రాజేసింది. పెద్ద బానలో నీళ్లు పోసి, మూతి మీద కర్రలు అడ్డం పెట్టి, పసుపులో మసిలించిన చీరలను గోపురంలా పేర్చింది. పైన మందంగా కప్పి, సందులన్నీ తడిమట్టితో మెత్తింది. హైమవతి పక్కనే గొంతుక్కూర్చుని మట్టి అందిస్తోంది, మోచేతుల దాకా పసుపు. ఆవిరి పైకి తన్నుకు రావడం చూసి, "మాకు డబ్బాలో పెట్టి నేర్పింది కూడా ఇదే నాగులమ్మా, ఇదే ఆవిరి!" అంది చిన్నపిల్లలా. ఆ డబ్బా వచ్చేదాకా తన తాతలేం చేశారనుకుందో ఈ పిల్ల అని నాగులమ్మ మనసులో నవ్వుకుంది.

ఆరిన బట్టలను ఉతికిన గుడ్డలో మూట కట్టుకుని మధ్యాహ్నానికి కురుమవాడకు వెళ్లారు. ఈసారి నాగులమ్మ ముందు నడిచింది. అరుగు కింద నిలబడి, ఎవరూ అడగకముందే చెప్పింది.

"తప్పు నాదే బక్కమ్మక్కా. ఎరిగీ నోరు తెర్వలే. నీ కాళ్లు మొక్కుత, నా మీది కోపం నీ కోడలి కాన్పు మీద చూపకు."

బక్కమ్మ మూట కొస కాస్త జరిపి లోపలికి చూసింది. పచ్చటి బట్ట. "పెండ్లి బట్టనా?" అంది.

"పెండ్లి బట్టనే. ఉబ్బ పట్టించిన. నీ గొంగడి మీద పరుస్త."

హైమవతికి చెప్పాల్సినవి బోలెడున్నాయి. కింది పెదవి పళ్ల కింద పెట్టుకుని, అన్నిటినీ ఆపుకుంది. "అమ్మా, బొడ్డు కోసేటప్పుడు నువ్వేం చేస్తావో చెప్పు. నేను వింటాను," అంది.

బక్కమ్మ అనుమానంగా చూసింది. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. కొడవలితో కోస్తుంది. గొర్రె పెంటికల బూడిద అద్దుతుంది. "ఎండాలె గదా మరి."

"ఎండాలి, నిజమే. ఏమీ అద్దకుండా ఈ ఉడికిన బట్టతో కప్పితే ఇంకా బాగా ఎండుతుంది. కోయడానికి బ్లేడు మరిగించి ఇస్తాను."

"కొడవలి లేకుంటే బిడ్డకు కావలి ఎవరు? ఇనుముండాలె."

"ఉండనీ, తలాపున పెట్టు. కావలికి కొడవలి, కోతకు బ్లేడు. కోసేది మాత్రం నువ్వే."

"నేనా?" బక్కమ్మ తన చేతులు చూసుకుంది. "ఇద్దర్ని గీ చేతులే..." అంది.

"నీ చేతులు కాదమ్మా. కొడవలికీ బూడిదకూ ఉండే, కంటికి కనబడని పురుగు అది. మొన్న నేనన్న మాట తప్పు. క్షమించు."

బక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగింది. ఇద్దరు మనవళ్ల దుఃఖం అప్పటిదాకా ఎక్కడ దాచుకుందో, భుజాలు కదిలి కదిలి ఏడ్చింది. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

ఆ తర్వాత నాలుగో రోజు కోడికూత వేళ నొప్పులు మొదలయ్యాయి. అండాలు మొగుడు చెన్నయ్య పరుగున వచ్చి కబురు చెప్పాడు. వీళ్లు వెళ్లేసరికి ఎండబెట్టిన గొంగడి పరిచి ఉంది. నాగులమ్మ చేతులు కడుక్కుని, దాని మీద పసుపుబట్ట పరిచింది. అండాలు ఎవరూ చెప్పకుండానే వచ్చి దాని మీద కూర్చుంది. అంత నొప్పిలోనూ నాగులమ్మ వంక చూసి తలాడించింది.

పొద్దు బారెడెక్కేసరికి ఆడపిల్ల పుట్టింది. బక్కమ్మ సబ్బుతో మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుంది. హైమవతి మరిగించిన దారంతో రెండుచోట్ల ముడి వేసి, బ్లేడు ఆమె చేతికిచ్చింది. కోత సూటిగా పడింది. కోసీ కోయగానే, ఇన్నేళ్ల అలవాటున బక్కమ్మ కుడిచేయి పక్కకు, బూడిద ఉండే చిప్ప కోసం వెళ్లింది. అక్కడ చిప్ప లేదు. చేయి గాలిలో కాసేపు ఆగి, తిరిగొచ్చి ఉడికిన బట్ట అందుకుంది.

ఇక మిగిలింది ఏడు రోజులు.

నాగులమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి, ఉబ్బ పట్టిన బట్ట ఇచ్చి, నిన్నటిది తెచ్చుకునేది. పిల్ల పాలు తాగిందా అని ఆమె అడగదు, తాగిందని బక్కమ్మ చెబుతుంది. ఐదో రోజు నుంచి మగ్గం కూడా మోగలేదు. ఆరో రోజు, ఏడో రోజు హైమవతి తనే వెళ్లి పిల్ల బొడ్డు చూసి వచ్చింది. పొడిగా ఎండింది. అయినా ఆ రెండు రాత్రులూ ఆమె దీపం ఆర్పలేదని నాగులమ్మకు లాంతరులో నూనె చూస్తే తెలిసింది.

ఎనిమిదో రోజు పొద్దున, నాగులమ్మ ఇంకా బట్టలు మూట కట్టకముందే చెన్నయ్య కేంద్రం మెట్ల దగ్గరకు వచ్చాడు. "మా అమ్మ రమ్మంటాంది. ఇద్దర్ని. జర జల్దిన," అని, మంద విప్పే వేళయిందంటూ నిలబడకుండా వెళ్లిపోయాడు.

ఎందుకో అడిగే సమయం కూడా లేదు. ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోలేదు. హైమవతి చెప్పులు వేసుకోవడం మర్చిపోయి చేనుకు అడ్డంపడి నడిచింది. జొన్నకొయ్యలు కాళ్లకు గుచ్చుకుంటున్నా ఆగలేదు. వెనక నాగులమ్మ, తనకు తెలిసిన దేవతలందరికీ మొక్కుకుంటూ.

బక్కమ్మ అరుగు మీదే నిలబడి ఉంది. వాళ్లను చూసి లోపలికి వెళ్లి దండెం మీది గొంగడి తీసింది. పుష్యమాసపు ఎండలో గట్టిగా రెండుసార్లు దులిపి, అరుగు మీద పరిచింది.

"కూసోండ్రి," అంది.

హైమవతి కూర్చుంది. ఆ గొంగడి అర్థం నాగులమ్మ చెప్పగా ఈపాటికి ఆమెకు తెలుసు, అందుకే కూర్చుంటూనే కళ్లు తుడుచుకుంది. నాగులమ్మ మామూలుగా స్తంభం పక్కన నిలబడింది. గంజి నీళ్లకో, ఉతికే బట్టలకో వచ్చినప్పుడు ఆమె నిలబడే చోటు అదే.

"నువ్వు నిలబడ్డవేంది? నీకు వేరే పరవాల్నా?"

నాగులమ్మ వచ్చి హైమవతి పక్కన, గొంగడి అంచున కూర్చుంది. బక్కమ్మ చెంబుతో నీళ్లు ముందు ఆమెకే ఇచ్చింది.

"ఏడు దినాలు ఎల్లినయి. గందుకే పిలిచిన," అని బక్కమ్మ తొట్టెల వైపు చూపించింది.

దూలానికి కట్టిన చీర తొట్టెల. అందులో పిల్ల. పిల్ల కింద ఏదో నల్లగా, మందంగా ఉంది. నాగులమ్మ వంగి చూసి గుర్తుపట్టింది. ఆ రోజు తను ఉడకబెట్టిన గొంగడి. నాలుగు మడతలు వేస్తే పిల్ల పొడుగుకు సరిగ్గా సరిపోయింది.

"పారేద్దామని పెంటకుప్ప దాక తీస్కపోయిన," అంది బక్కమ్మ. "చేతికి మెత్తగ తగిలింది. చలిగాలికి అడ్డం పట్టి చూసిన, ఈ పక్క గాలి ఆ పక్కకు పోతలేదు. మా ముసలాయన నలభై ఏండ్ల సంది నేస్తాండు గాని, గింత దళసరి నేసుడు ఆయనకు చేతగాలే."

"ఉడకబెట్టుడు నాకు తోచలే," అన్నాడు గుర్వయ్య మగ్గం గుంతలోంచి. ఆ ఇంట్లో నాగులమ్మ అతని గొంతు వినడం ఈ పది పన్నెండు రోజుల్లో అదే మొదటిసారి.

ఆ మాటకు లేచిన నవ్వులకు పిల్ల మేలుకుంది. అందరూ ఒక్కసారిగా నవ్వాపి తొట్టెల వంక వంగారు. పిల్ల మొహం ముడుచుకుంది, ఎర్రబడింది. తర్వాత నోరు తెరిచింది. చిగుళ్లు, నాలుక, కొండనాలుక దాకా కనబడేట్టు బారెడంత తెరిచి, వాడంతా వినబడేట్టు ఏడ్చింది. అండాలు గబుక్కున ఎత్తుకుని రొమ్ముకు ఆనించుకుంది. ఆ ఏడుపు అంత బాగుంటుందని హైమవతికి ఏ పుస్తకమూ చెప్పలేదు.

పిల్ల పాలు తాగుతుంటే బక్కమ్మ నాగులమ్మకు దగ్గరగా జరిగి కూర్చుంది.

"పక్కింటి పుల్లమ్మకు వచ్చే నెల నెలలు నిండుతయి. తొట్టెలకు గసుంటిదే ఒకటి గావాలె అంటాంది. పసుపుబట్ట సుత. మాకు తెల్వది గని, జెప్పు నాగులమ్మా, ఎన్ని నీళ్లు పోసినవు? ఎంతసేపు ఉంచినవు?"

హైమవతి సంచిలోంచి నోటుపుస్తకం తీసి, కొత్త పేజీ తెరిచి, కలంతో సిద్ధంగా కూర్చుంది. నాగులమ్మ ఒకసారి అందరి వంకా చూసింది. చెంబులో మిగిలిన నీళ్లు తాగి, కాళ్లు మడిచి గొంగడి మీద సరిగ్గా సర్దుకుని కూర్చుని, చెప్పడం మొదలుపెట్టింది.